చేపల తొట్టికి కుళాయి నీళ్ళు

మనుషులు తాగే నీళ్ళు చేపలకెందుకు పనికిరావండీ అని అడిగినవారు నాకు ఇప్పటికి పదిమందైనా తారసపడి వుంటారు. అడగడంలో తప్పులేదు. గంగమ్మ బిడ్డలకి నీళ్ళు శుద్ధిచేసి పొయ్యడమేమిటి, విడ్డూరం కాకపోతే! పైగా ఆ శుద్ధిచేసే మందుకి అంగట్లో పది రకాల సీసాలు. ఒకటి నీలం, ఒకటి పచ్చన, ఒకటి కలబంద రసం కలిసినది, ఒకటి మూత తియ్యగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొట్టేది. అన్నిటిమీదా రాసేది మాత్రం ఒకటే మాట: కుళాయి నీటిని చేపలకి అనుకూలంగా మార్చును.

గాజు తొట్టిలో చేపలతోబాటు మొక్కలు కూడా పెంచే సరదా గలవాడికి ఇంకో బెంగ వుంటుంది. చేపకి మేలుచేసే మందు మొక్కకి చెరుపు చేస్తుందేమోనని. అంగడివాణ్ణి సలహా అడిగితే అన్నిటికన్న ఖరీదైన సీసా తీసి చేతిలో పెడతాడు. వాడి వ్యాపారం వాడిది. అంచేత సీసాల సంగతి కాస్సేపు అటుంచి ముందు నీళ్ళ సంగతి చెబుతాను. నీళ్ళేవో తెలిస్తే సీసా ఏదో దానంతటదే తెలుస్తుంది.

గాజు తొట్టిలో మొక్కల్నీ చేపల్నీ కలిపి పెంచే విద్యని ఒక దారిలో పెట్టినవాడు లండన్లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు. 1850లో ఆయన తన ప్రయోగం గురించి అక్కడి కెమికల్ సొసైటీకి వివరించాడు. ప్రయోగమంటే పెద్ద హంగేమీ లేదు. రెండు బంగారు చేపలు, కాస్త వాలిస్నేరియా గడ్డి, కుళ్ళిన ఆకులు తిని శుభ్రం చెయ్యడానికి కొన్ని నత్తలు. చేప వదిలే బొగ్గుపులుసు వాయువు మొక్కకి ఆహారం. మొక్క వదిలే ప్రాణవాయువు చేపకి ఊపిరి. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటేడు ఫిలిప్ గాస్ రాసిన పుస్తకంతో ‘అక్వేరియం’ అనే మాట జనం నోట పడింది. అక్కణ్ణించి ఆ సరదా ఇంటింటికీ పాకింది.

వారింగ్టన్ గారికి మాత్రం ఏ సీసా మందూ అవసరం కాలేదు. ఎందుకంటే ఆనాటి నీళ్ళలో క్లోరిన్ లేదు. గాస్ గారి పుస్తకం వచ్చిన ఆ 1854లోనే, అదే లండన్లో, బ్రాడ్ స్ట్రీటు పంపు నీళ్ళు తాగినవాళ్ళు వందలకొద్దీ కలరాతో పోయారు. అంటే ఆ రోజుల్లో ఊరి నీళ్ళలో చేప నిక్షేపంలా బతికేది, మనిషే చచ్చేవాడు. 1905లో ఇంగ్లండులోని లింకన్ పట్నంలో టైఫాయిడ్ చెలరేగినప్పుడు తాగే నీళ్ళలో క్లోరిన్ మందు కలపడం మొదలుపెట్టారు. 1908లో అమెరికాలో జెర్సీ సిటీవారు అదే పని చేశారు. తరవాత ప్రపంచమంతా ఆ దారే పట్టింది. దాంతో మనిషి గట్టెక్కాడు. ఇబ్బంది వచ్చిందల్లా చేపకి.

అందుకే ‘ఈ పాడు క్లోరిన్’ అని విసుక్కునే చేపల ప్రియులతో నేను గొంతు కలపను. పసిపిల్లలున్న ఇంటికి వచ్చే కుళాయిలో ఆ వాసన కాస్త వుండడమే క్షేమం. వీధి గొట్టంలో వుండవలసినది మన తొట్టిలో వుండకూడదు, అంతే. కుళాయికీ తొట్టికీ మధ్య ఒక బకెట్టు దూరం వుంది. మనం చెయ్యవలసిన పనంతా ఆ బకెట్టులోనే.

ఇంతకీ ఎంత క్లోరిన్ చేపకి చెరుపు? మన దేశపు తాగునీటి ప్రమాణం, 2012 నాటిది, కుళాయి దగ్గర లీటరు నీటికి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి వుండాలంటుంది. 1 మిల్లీగ్రాము దాకా వుండవచ్చునంటుంది. చేపల విషయానికి వస్తే, అమెరికా పర్యావరణ సంస్థవారు మంచినీటి జీవుల కోసం పెట్టిన హద్దు కొద్దిసేపటికైతే లీటరుకి 0.019 మిల్లీగ్రాములు, ఎక్కువ రోజులకైతే 0.011. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. మన కుళాయిలో వుండవలసిన అతి తక్కువ మోతాదే చేప హద్దుకి పదిరెట్లుంది. మనిషి ఆ నీళ్ళని మింగుతాడు. కడుపులో పడేసరికి దాని పదును పోతుంది. చేప ఆ నీళ్ళనే పీల్చుకుంటుంది. మొప్పల మీది పొర రెపరెపలాడే పల్చని పొర. దాన్ని క్లోరిన్ కాల్చేస్తుంది. చేప పైకి వచ్చి నోరు తెరిచి గుటకలు మింగుతుంది. చూసేవాడు ఆకలేమో అనుకుని మేత వేస్తాడు!

మొక్కలు అంత సున్నితం కావు. కుళాయిలో మామూలుగా వుండే క్లోరిన్ కి వాలిస్నేరియా గాని, మన చెరువుల్లోని నాచు గాని, అంతరతామర గాని పెద్దగా చలించవు. అందువల్ల మొక్కల్ని చూసి నీళ్ళు మంచివని తీర్మానించడానికి వీల్లేదు. ఈ సంగతి మా భవనంలో ఒక చిన్న కుర్రాడికి చాలా కష్టంగా తెలిసివచ్చింది.

పదేళ్ళవాడు. దసరాకి చుట్టాలిచ్చిన డబ్బులన్నీ కూడబెట్టి చిన్న తొట్టి, పది గప్పీ చేపలు, నాలుగు గుత్తుల వాలిస్నేరియా కొనుక్కున్నాడు. అంగట్లో ఇచ్చిన యాంటీ క్లోరిన్ సీసా వుంది. వారం వారం రెండు బకెట్ల నీళ్ళు తీసి, కొత్త నీళ్ళలో సీసామీద రాసినన్ని చుక్కలు లెక్కపెట్టి వేసేవాడు. లెక్కలో బొత్తిగా పొరపాటు లేదు. పెద్దవాళ్ళకి లేని శ్రద్ధ వాడిది. ఒక ఆదివారం భవనంవాళ్ళు అడుగునున్న సంపు కడిగించి బ్లీచింగ్ పౌడరు చల్లించారు. కడిగినవాళ్ళు సరిగ్గా తొలిపారో లేదో, ఆ తెల్లపొడి కొంత అడుగునే వుండిపోయింది. ఆ నీళ్ళే మోటారు ఎక్కించి పైతొట్టికి పంపారు. సోమవారం పొద్దున్న కుర్రాడు మామూలుగానే చుక్కలు వేసి నీళ్ళు మార్చి బడికి పోయాడు. సాయంత్రం వచ్చేసరికి పదికి పదీ తేలిపోయాయి. గడ్డి మాత్రం పచ్చగా నవనవలాడుతోంది.

వాళ్ళమ్మ ‘ఇంక చేపలూ వద్దు, గీపలూ వద్దు’ అంది. వాడు ఏడవలేదు గాని నా దగ్గరికి వచ్చి, ‘తాతగారూ, నేను చుక్కలు సరిగ్గానే వేశానండీ’ అన్నాడు. ఆ మాటకి జవాబు చెప్పవలసిన బాధ్యత నామీద పడ్డది. పిల్లవాడు తన చేతుల్తోనే చేపల్ని చంపుకున్నానని అనుకుంటూ పెరగకూడదు కదా!

నా దగ్గర ఆర్థోటాలిడిన్ అనే పరీక్షమందు వుంది. పల్లెల్లో నీళ్ళ టాంకుల దగ్గర క్లోరిన్ చూసేవాళ్ళ పెట్టెలో వుండేదీ అదే. చిన్న గొట్టంలో నీళ్ళు పోసి ఆ మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ కొంచెముంటే లేత పసుపు, ఎక్కువుంటే ముదురు పసుపు, మరీ ఎక్కువైతే నారింజ రంగు వస్తుంది. వాళ్ళ కుళాయి నీళ్ళు పట్టి చుక్కలు వేస్తే నారింజ రంగే వచ్చింది. ఆ గొట్టం కుర్రాడికి చూపించాను. తరవాత ఇద్దరం కూర్చుని లెక్క కట్టాం. మంచి బ్లీచింగ్ పౌడరులో మూడోవంతుకి దగ్గరగా క్లోరిన్ వుంటుంది. పదివేల లీటర్ల సంపులో నూరు గ్రాముల పొడి మిగిలిపోతే సుమారు ముప్ఫై గ్రాముల క్లోరిన్. అంటే లీటరుకి 3 మిల్లీగ్రాములు. ఇందాక చెప్పిన చేప హద్దుకి నూటయాభై రెట్లు! సీసామీద రాసిన చుక్కలు మామూలు కుళాయి నీళ్ళకి చెప్పినవి. ఈ నీళ్ళకి అవి ఏ మూలకి? తప్పు చుక్కలదీ కాదు, వాడిదీ కాదు. అంకె చూశాక వాడి మొహం కాస్త తేటపడింది.

అన్నట్టు, ఆ పరీక్ష చేసిన నీళ్ళు తొట్టిలో పొయ్యకండి, పిల్లల చేతికీ ఇవ్వకండి. ఆర్థోటాలిడిన్ ఒంటికి మంచి పదార్థం కాదు. డి.పి.డి. అని గులాబిరంగు వచ్చే పరీక్ష ఇంకొకటి వుంది. దొరికితే అదే మేలు.

‘మా తాతల కాలంనించీ నీళ్ళు పట్టి ఒకరోజు వుంచి పోస్తున్నాం, మాకు ఏ మందూ అక్కరలేదు’ అనేవారున్నారు. వారి మాటా నిజమే. వట్టి క్లోరిన్ అయితే వెడల్పు మూతి బకెట్టులో ఒక పగలూ ఒక రాత్రీ వుంచితే చాలావరకు గాలిలో కలిసిపోతుంది. ఎండ తగిలితే ఇంకా తొందర. గాలిబుడగల మోటారు పెడితే మరీ తొందర. మన ఊళ్ళలో చాలా చోట్ల నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి; సంపులో ఒకరోజు, పైతొట్టిలో ఒకరోజు నిలవుండి ఇంట్లోకి దిగేసరికి క్లోరిన్ నామమాత్రంగా మిగులుతుంది. చాలామంది ఇళ్ళలో చేపలు ఏ మందూ లేకుండా బతకడానికి రహస్యం ఇదే. అయితే ఇది ఎప్పుడూ నమ్మదగిన ఏర్పాటు కాదు. వర్షాకాలంలో కొత్తనీరు వచ్చినప్పుడు క్లోరిన్ మోతాదు పెంచుతారు, పెంచాలి కూడా. సంపు కడిగిన వారం వుండనే వుంది. ఏభై లీటర్ల తొట్టికి బకెట్లు పట్టి వుంచడం సులువే గాని, మూడువందల లీటర్ల తొట్టివాడు వరండా అంతా బకెట్లు పరిస్తే ఇల్లాలు ఊరుకుంటుందా?

ఇప్పుడు మందు మాట. యాంటీ క్లోరిన్ అని చవగ్గా దొరికే సీసాల్లో సాధారణంగా వుండేది సోడియం థయోసల్ఫేటు. పేరు చూసి బెదరనక్కరలేదు. పాతకాలపు ఫోటో స్టూడియోలవాళ్ళు చీకటిగదిలో ‘హైపో’ అని పిలిచేది ఇదే. వెండి లవణాల్ని ఇది కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు. ఇరవై యేళ్ళకి ఫోటోలు పుట్టాక వాటిని నిలబెట్టడానికి అది అక్కరకొచ్చింది. మన కోస్తాలో భీమిలి, కాకినాడ వేపు రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలవాళ్ళకి అది నిత్యం వాడుకలో వున్న సరుకు. సముద్రపు నీళ్ళలో రోగక్రిములు చావడానికి ముందు క్లోరిన్ పెడతారు. ఆ తరవాత మిగిలిన క్లోరిన్ ని చంపడానికి థయోసల్ఫేటు వేస్తారు. కంటికి ఆనని పిల్లలు, లక్షలకొద్దీ, ఆ నీళ్ళలోనే పెరుగుతాయి. వాళ్ళ బతుకుతెరువే దానిమీద ఆధారపడి వుంది. అంతకంటే వేరే యోగ్యతాపత్రం ఏం కావాలి!

లెక్క కూడా తేలికే. ఒక పాలు క్లోరిన్ కి ఏడు పాళ్ళు హైపో పలుకులు. పది గ్రాముల పలుకులు నూరు మిల్లీలీటర్ల మంచినీళ్ళలో కరిగిస్తే, ఆ ద్రావకం ఒక మిల్లీలీటరు సుమారు 14 మిల్లీగ్రాముల క్లోరిన్ ని పోగొడుతుంది. అంటే లీటరుకి 1 మిల్లీగ్రాము వున్న నీళ్ళయితే 14 లీటర్లకి సరి. నేను భద్రం కోసం రెట్టింపు చేసి, పదిహేను లీటర్ల బకెట్టుకి రెండు మిల్లీలీటర్లు పోస్తాను. బకెట్టులో పోసి చేత్తో ఒక్కసారి తిప్పితే చాలు. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది, గంటలతరబడి కాచుకోనక్కరలేదు. ద్రావకాన్ని రంగుసీసాలో పోసి చీకటిలో వుంచాలి. మూడు నాలుగు నెలలకొకసారి కొత్తది కలుపుకోవాలి. పాలలా విరిగి తెల్లబడితే గంధకం విడిపోయిందన్నమాట, పారబోయ్యండి.

రెండు జాగ్రత్తలు. హైపో పలుకులు చూడడానికి అచ్చం పటికలా వుంటాయి, అంచేత పేరు రాయని పొట్లం ఇంట్లో పెట్టకండి. ఇక ఫోటోల సామాను అమ్మేచోట ‘రాపిడ్ ఫిక్సర్’ అని అమ్మేది వేరు. దాంట్లో వుండేది అమ్మోనియం థయోసల్ఫేటు. దాన్ని తొట్టిలో పోస్తే ఒక విషం తీసి ఇంకొక విషం పోసినట్టే.

ఇంత చవకగా పని జరుగుతుంటే మిగతా సీసాలెందుకున్నట్టు? అక్కడికే వస్తున్నాను.

కొన్ని సీసాల్లో కలబంద రసం వుంటుంది. ఏ.పి.ఐ.వారి స్ట్రెస్ కోట్ అలాంటిది. చేప ఒంటిమీద జిగురుపొర చెదిరినచోట కలబంద మేలుచేస్తుందని దానిమీద రాస్తారు. దూరంనించి సంచుల్లో వచ్చి పొలుసులూడిన చేపకి ఒకటి రెండు సార్లు వాడతానంటే కాదనను. మొక్కల తొట్టిలో ప్రతి వారం కలబంద పోసినందువల్ల మొక్కకి ఒరిగేదేమీ లేదు. ఇంకొన్ని సీసాలు రాగి, సీసం వంటి లోహాల్ని కట్టేస్తామంటాయి. ఇక్కడే మొక్కలవారు ఉలిక్కిపడతారు. ఇనుము, మాంగనీసు, తుత్తునాగం, చివరికి రాగి కూడా మొక్కకి రవ్వంత రవ్వంత కావాలి కదా, వాటినన్నిటినీ ఈ మందు కట్టేస్తే మొక్క ఏం తింటుంది అని. ఆ భయం కొంత అతి. లోహాల్ని కట్టడానికి వాడే ఇ.డి.టి.ఏ. అనే పదార్థంతో కట్టిన ఇనుమునే మనం ఎరువుగా కొని మరీ పోస్తున్నాం. అయినా మాటవరసకి చెబుతున్నాను, రాగి గొట్టాలు లేని ఇంట్లో, రొయ్యలు పెంచని తొట్టికి, లోహాల్ని కట్టే మందుకోసం పనిగట్టుకుని డబ్బులు పొయ్యనక్కరలేదు. రొయ్యలుంటే వేరు సంగతి. రాగి అంటే వాటికి గిట్టదు.

అన్నిటికన్న పెద్ద భ్రమ ఇంకొకటి వుంది. ‘కండిషనర్’ అనగానే అది ఉప్పునీళ్ళని తియ్యన చేస్తుందని అనుకుంటారు. చెయ్యదు. నీళ్ళలోని సున్నం, మగ్నీషియం, ఫ్లోరైడు పోసినవి పోసినట్టే వుంటాయి. బోరునీళ్ళు వాడేవారి సంగతి చూడండి. ఆ నీళ్ళలో అసలు క్లోరినే వుండదు, కాబట్టి యాంటీ క్లోరిన్ పోసినా పొయ్యకపోయినా ఒకటే. అక్కడి బాధ కాఠిన్యం. దానికి వాననీళ్ళో, ఆర్.ఓ. మిషను నీళ్ళో కొంత కలుపుకోవాలి. అలాగని వట్టి ఆర్.ఓ. నీళ్ళే పోస్తే మొక్క పస్తుంటుంది. దానికి సున్నమూ మగ్నీషియమూ కావాలి. బోరునీరు సగం, మిషను నీరు సగం పోసి వాలిస్నేరియా పెంచేవాళ్ళని నేనెరుగుదును. గడ్డి తొట్టి దాటి బయటికి వస్తోంది.

ఇక ఖరీదైన సీసాల అసలు అవసరం ఎక్కడుందంటే, క్లోరమీన్ వున్నచోట. కొన్ని ఊళ్ళవాళ్ళు క్లోరిన్ కి కాస్త అమ్మోనియా జోడించి నీళ్ళలో పెడతారు. అలా చేస్తే అది పొడుగాటి గొట్టాల్లో చివరిదాకా నిలుస్తుంది. నిలవడమే దాని గుణం కాబట్టి బకెట్టులో ఒకరోజు వుంచినా పోదు. మన పట్నాల్లో సాధారణంగా వాడేది వట్టి క్లోరినే. అమెరికాలో మాత్రం క్లోరమీన్ బాగా వాడుకలో వుంది. సాన్ ఫ్రాన్సిస్కో జలశాఖవారు 2004 ఫిబ్రవరిలో క్లోరిన్ నించి దానికి మారారు. మనవాళ్ళు ఆ చుట్టుపక్కల వేలకొద్దీ కాపురాలున్నారు. వాళ్ళలో మా మేనకోడలు ఒకతె. ఇక్కడ వున్నప్పుడు నీళ్ళు నిలవుంచి పోసే అలవాటు దానిది. అక్కడికి వెళ్ళి తొట్టి పెట్టాక మొదటి ప్రశ్న అదే వేసింది: ‘మామయ్యా, రెండురోజులు వుంచాను, పొయ్యనా?’ పొయ్యవద్దన్నాను.

క్లోరమీన్ మొప్పల్ని దాటి నెత్తురులోకి పోతుంది. పోయి నెత్తురు ప్రాణవాయువుని మోసే శక్తిని చెడగొడుతుంది. మూత్రపిండాలు చెడి డయాలిసిస్ మీదున్న రోగులకి వాడే నీళ్ళలోంచి కూడా దాన్ని తప్పకుండా తీసెయ్యాలి. కారణం కూడా నెత్తురు సంగతే. హైపో దాన్ని విరగ్గొట్టి క్లోరిన్ భాగాన్ని చంపుతుంది గాని, అమ్మోనియా భాగం నీళ్ళలో మిగిలిపోతుంది. ఎంత మిగులుతుంది? లీటరుకి 2 మిల్లీగ్రాముల క్లోరమీన్ వుంటే సుమారు 0.4 మిల్లీగ్రాముల నత్రజని, అమ్మోనియా రూపంలో. తొట్టిలో మూడోవంతుకి తక్కువ నీళ్ళు మారిస్తే అది 0.12కి పల్చబడుతుంది.

ఇక్కడ మొక్కల తొట్టికి ఒక అదృష్టముంది. అమ్మోనియా అంటే మొక్కకి విస్తట్లో వడ్డించిన అన్నం. నైట్రేటు కంటే ముందు దాన్నే అందుకుంటుంది. దానికి తోడు బొగ్గుపులుసు వాయువు పెట్టే తొట్టిలో నీళ్ళు కాస్త ఆమ్లం వేపు మొగ్గుతాయి. అమ్మోనియా విషం పి.హెచ్. మీద ఆధారపడి వుంటుంది. 25 డిగ్రీల వేడిలో, పి.హెచ్. 7 దగ్గర అమ్మోనియా నూటికి అరపాలు పైచిలుకు మాత్రమే విషరూపంలో వుంటుంది. 8 దగ్గర నూటికి అయిదు పాళ్ళు. 9 దగ్గర మూడోవంతు దాటిపోతుంది. అందువల్ల మొక్కలు దట్టంగా ఎదిగిన, ఆరునెలలు దాటిన తొట్టిలో వారానికి పావువంతు నీళ్ళు మార్చేవాడికి క్లోరమీన్ వున్న ఊళ్ళో కూడా హైపోతో కొంప మునగదు. కాని తొట్టి కొత్తదైతే? మొక్కలు ఇంకా వేళ్ళూనలేదు, వడపోతలో అమ్మోనియాని తినే సూక్ష్మజీవులు ఇంకా పుట్టలేదు. నీళ్ళు సగానికి పైగా మార్చవలసి వస్తే? పి.హెచ్. ఎక్కువుండే నీళ్ళయితే? అప్పుడు అమ్మోనియాని కూడా పట్టి వుంచే సీసా కొనవలసిందే. సీకెమ్ వారి ప్రైమ్ ఆ జాతిది. అయిదు మిల్లీలీటర్లు రెండువందల లీటర్లకి సరిపోతుందని దానిమీద వుంటుంది. ఆ లెక్కన పదిహేను లీటర్ల బకెట్టుకి ఏడెనిమిది చుక్కలు. సీసా ఖరీదెక్కువగా కనిపించినా బకెట్టు లెక్కకి వస్తే అంత కాదు.

ఈ జాతి మందుల్ని ఎడాపెడా పొయ్యకూడదు. క్లోరిన్ ని చంపే ఈ మందులు ఎక్కువైతే కొన్ని రకాలు నీళ్ళలోని ప్రాణవాయువుని కూడా లాగేస్తాయి. రాత్రివేళ మొక్కలు కూడా ప్రాణవాయువు పీల్చుకునేవే. అంచేత దీపం ఆర్పబోయే ముందు నీళ్ళు మార్చడం నాకిష్టం లేదు, పొద్దున్న పని. రెండో సంగతి, ఇలాంటి మందు వాడిన నీళ్ళకి అమ్మోనియా పరీక్ష చేస్తే, నెస్లర్ మందుతోనైతే లేనిపోని అంకెలు వస్తాయి. అది చూసి హడిలి ఇంకో సీసా పోసేవాళ్ళున్నారు. సాలిసిలేట్ పరీక్ష దానికంటే నయం. అదైనా పట్టివుంచిన అమ్మోనియాని కూడా కలిపే చూపిస్తుంది.

గొట్టం పెట్టి తిన్నగా తొట్టిలోకే కుళాయి తిప్పేవారికి ఇంకొక లెక్క. అలాంటప్పుడు మందు కొత్త నీళ్ళకి కాదు, మొత్తం తొట్టికి సరిపడా వెయ్యాలి. అదీ కుళాయి తిప్పడానికి ముందు.

మా భవనం కుర్రాడికి ఏ సీసా కొనమన్నానని అడుగుతారేమో. కొత్తది కొననే లేదు. పాతసీసాయే వుంది. దానికి తోడు పరీక్షగొట్టం ఒకటి ఇచ్చాను. నీళ్ళు మార్చే ముందు గొట్టం నింపి, నన్ను పిలిచి చుక్కలు వేయించుకుంటాడు. రంగు రాకపోతే మామూలు లెక్క, లేతపసుపైతే రెట్టింపు, ముదురైతే ఆ రోజు నీళ్ళు మార్చడం మానేస్తాడు. మొన్న వాడి తొట్టిలో గప్పీ ఒకటి పిల్లల్ని పెట్టింది.

మేనకోడలు కొన్నది అమ్మోనియాని పట్టే సీసాయే. కొన్న మర్నాడే సీసా ఫోటో తీసి వాట్సాపులో పంపింది: ‘మామయ్యా, మూత తీస్తే ఇల్లంతా కుళ్ళిన గుడ్డు వాసన. సరుకు పాడైపోయింది, తిరిగి ఇచ్చేస్తున్నాను’ అని. ఇవ్వకమ్మా, అది గంధకం వాసన, ఆ మందు గుణమే అంత అని జవాబు రాశాను. ఆయన గారికి ఆ వాసన పడటం లేదట. సీసా ఇప్పుడు వాళ్ళ పెరటి వరండాలో వుంటోంది.